బొమ్మ భుజం పక్కన

"ఈసారి వస్తే వాడు నడిచి బయటికి పోడు," అన్నాడు లోయెల్.

వెనక తలుపుకి పగిలిపోయిన అద్దం స్థానంలో ప్లైవుడ్ ముక్క పెట్టి మేకులు కొడుతున్నాడు. నోట్లో ఇంకా మేకులున్నాయి. వాటి సందులోంచే ఆ మాట వచ్చింది.

పొయ్యి దగ్గరున్న నాడీన్ వెనక్కి తిరగలేదు. పెనంలో గ్రేవీ అడుగంటుతోంది. గరిటె చేతిలోనే ఉంది గాని కలపడం మరిచిపోయింది.

బుధవారం దొంగ పడినప్పటి నుంచి ఆ ఇంట్లో ఇదే మాట. అన్నం దగ్గర ఇదే, ప్రార్థన ముగిశాక ఇదే. బుధవారం సాయంత్రం మా ఊళ్ళో సగం ఇళ్ళు ఖాళీగా ఉంటాయి. చర్చిలో ప్రార్థన కూటం కదా. లోయెల్ సంఘ పెద్ద, మానేయడానికి లేదు. నాడీన్ మాత్రం జలుబు చేసి దీపం ఆర్పేసి పడుకుంది. ఆ సంగతి తెలియకే వచ్చాడు వచ్చినవాడు.

అద్దం పగిలిన చప్పుడుకి లేచి, మేజోళ్ళతోనే నడవాలోకి వచ్చి గోడకి అంటుకుని నిలబడింది ఆమె. స్నానాల గదిలో దీపం వెలిగింది. సగం తెరిచిన తలుపులోంచి మందుల అరలో చెయ్యి పెట్టి వెతుకుతున్న మనిషి వీపు కనిపించింది. ఆ అర మీది అద్దంలో ముఖం కనిపించింది.

కోల్బీ. లోయెల్ సొంత అక్క కొడుకు. నిరుడు సామిల్లులో పనిపోయినప్పటి నుంచి నొప్పి మాత్రల మత్తు పాలైన కుర్రాడు. వాడు లోయెల్ నడుం నొప్పి మాత్రల సీసా జేబులో పడేసుకుని, అత్త తనను చూసిందని తెలియకుండానే వచ్చిన దారినే పోయాడు.

షెరీఫ్ మనిషి వచ్చి అడిగితే, చీకట్లో వీపు తప్ప ఏమీ కనిపించలేదని చెప్పింది నాడీన్. తెల్లారాక మొగుడికి నిజం చెబుదామనుకుంది. తెల్లారేసరికి లోయెల్ చర్చి మెట్ల మీద నలుగురి ముందు, వాడెవడైనా సరే తన చేతిలో చస్తాడని అనేశాడు. నలుగురి ముందు అన్న మాటను వెనక్కి తీసుకునే రకం కాదతను. ఆ తర్వాత గడిచిన ప్రతి పూటా నిజం ఇంకాస్త బరువెక్కింది.

ఇంకో సంగతి కూడా ఆమెను నిద్రపోనివ్వడం లేదు. డాక్టరు లోయెల్‌కి మళ్ళీ మాత్రలు రాసిచ్చాడు. కొత్త సీసా అదే అరలో ఉంది. కోల్బీ దగ్గరున్నవి అయిపోతాయి. అయిపోయాక వాడు మళ్ళీ వస్తాడు. వాడు వచ్చేసరికి ఈ ఇంట్లో పిస్తోలు ఉంటుంది.

"మీ నాన్న ఉంటే ఒప్పుకునేవాడా?" అంది ఆమె, గ్రేవీ దించుతూ.

లోయెల్ సుత్తి ఆపాడు. లోయెల్ తండ్రి, పెద్దాయన టీగ్ గారి మాట మా వైపు అందరికీ తెలుసు. జింకల కోసం రైఫిల్, నక్కలు కోళ్ళగూట్లో దూరకుండా బారు తుపాకీ. పిస్తోలు మాత్రం గడప దాటి రాకూడదు, అది మనిషి కోసం చేసిన వస్తువు అనేవాడాయన. లోయెల్ ఇన్నాళ్ళూ ఆ మాట మీద నిలబడ్డాడు.

"నాన్న రోజుల్లో జనం తలుపు తట్టి వచ్చేవాళ్ళు," అన్నాడు చివరికి.

"రైఫిళ్ళున్నాయిగా బీరువాలో."

"ఆ ఇరుకు నడవాలో రైఫిల్ తిప్పు చూద్దాం. గొట్టం గోడకి తగిలి ఆగిపోతుంది. షెరీఫ్ మనుషులు వచ్చేసరికి నీ కాఫీ చల్లారి ఐసైపోయింది, గుర్తుందా?"

"నాకు వద్దు లోయెల్."

"నీకు వద్దంటే పోనీ. నాకు కొంటాను. తలగడ కింద పెట్టుకుని పడుకుంటాను."

అక్కడ ఆగింది నాడీన్. అతని తలగడ కింద పిస్తోలు అన్న మాట ఆమె కళ్ళముందు నిలబడిపోయింది. అతనికి నిద్ర పలచన. పిల్లి నడిచినా లేస్తాడు. లేచాక ఆలోచించే మనిషి కూడా కాదు.

"అయితే నాకే కొను," అంది. "పగలంతా ఇంట్లో ఉండేది నేనేగా. నా చేతికి సరిపోయేది, నా పేరున. పెట్టె తాళం నా దగ్గరుండాలి."

లోయెల్ ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత అతని ముఖం మెత్తబడింది. భార్య భయం పోగొట్టుకోవడానికి ముందుకొచ్చిందనుకున్నాడు పాపం. వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి కింద నాడీన్ కదలకుండా నిలబడింది.

తలుపు తట్టకుండా లోపలికి వచ్చే హక్కు ఆ ఇంట్లో ఒక్క మనిషికే ఉంది. లోయెల్ అక్క ఓపల్, కోల్బీ తల్లి. మొగుడు పోయాక ఏం తోచక తుపాకీ క్లబ్బులో చేరింది. ఇనప పలకలను పిస్తోలుతో టపటపా పడగొట్టే శనివారం పందేల్లో మగవాళ్ళను కూడా వెనకేసి, కౌంటీలో పేరు తెచ్చుకుంది. నాన్న మాట మీరినందుకు లోయెల్ చాలాకాలం ఆమె బల్ల దగ్గర భోజనం చేయలేదు. ఇవాళ పిస్తోలు ఎంచడానికి ఫోన్ చేసి పిలిచింది అతనే.

"దేవుడున్నాడు," అంది ఓపల్, కుర్చీ లాక్కుంటూ. "నేను చచ్చేలోపు ఈ రోజు చూస్తాననుకోలేదు. సంఘ పెద్దగారు పిస్తోళ్ళ కొట్టుకి బయల్దేరారు."

"కూర్చుని తిను, మాట్లాడకు," అన్నాడు తమ్ముడు.

నాడీన్ వేడి బిస్కట్ రొట్టెల మీద గ్రేవీ పోసి పళ్ళెం ముందుపెట్టింది. ఓపల్ ముఖంలోకి చూడలేకపోయింది. లోయెల్ మామూలుగా అడిగాడు, కోల్బీకి పనేమైనా దొరికిందా అని. దొరుకుతుందట అంది ఓపల్. ఆ తర్వాత ఆమె చాలాసేపు పళ్ళెంలోకే చూస్తూ తింది. ఆ బల్ల దగ్గర ముగ్గురిలో ఇద్దరు ఒకే పిల్లవాడి గురించి ఆలోచిస్తున్నారని మూడోవాడికి తెలియదు.

* * *

కొట్టు పాత కోళ్ళదాణా గిడ్డంగిలో ఉంది. ముందు అమ్మకం, వెనక కాల్చుకునే వరసలు. జింకల వేట కాలం దగ్గరపడటంతో జనం కిక్కిరిసి ఉన్నారు. యజమాని గార్లండ్ లోయెల్‌ను చూసి చెయ్యి చాపి, పిస్తోలు నాడీన్ కోసమని విని, గాజు బల్ల కిందినుంచి అరచేతిలో ఇమిడే చిన్న రివాల్వర్ తీశాడు. ఈకలా తేలిగ్గా ఉంటుందనీ, ఆడవాళ్ళంతా ఇదే తీసుకెళ్తారనీ లోయెల్‌కి చెప్పాడు.

"గార్లండ్," అంది ఓపల్, "చేతులు ఆవిడవి. ఆయన మొహం చూసి పిడి కొలుస్తున్నావేంటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గార్లండ్ చెవులు ఎర్రబడ్డాయి.

తీసుకెళ్తారు నిజమే, ఒకసారి కాల్చి మళ్ళీ ముట్టుకోరు, అని సర్దిచెప్పింది ఓపల్. తూటా బలం ఎక్కడికీ పోదు. తుపాకీ బరువుగా ఉంటే అది కొంత మింగుతుంది, తేలిగ్గా ఉంటే అంతా అరచేతికే తన్నుతుంది. సంచిలో వేసుకుని తిరిగేవాళ్ళకు తేలికది కావాలి గాని, మంచం పక్క పెట్టెలో ఉండేదానికి బరువే మంచిది. శనివారాలు సరదాగా నాలుగు పెట్టెల తూటాలు కాల్చుకోవాలన్నా అదే నయం. కాల్చడం హాయిగా లేకపోతే ఎవరూ సాధన చెయ్యరు. సాధన లేని పిస్తోలు ఇంట్లో ఉండటం కన్నా లేకపోవడం మేలు.

ఆ చివరి మాటకు నాడీన్ తలెత్తింది. లోయెల్ వినిపించుకోలేదు.

గార్లండ్ ఒక ఉక్కు పిస్తోలు ఖాళీ చేసి చూపించి, గొట్టం నేలవైపు పెట్టించి ఆమె చేతికిచ్చాడు. దాని పైభాగాన్ని వెనక్కి లాగితేగాని తూటా లోపలికి ఎక్కదు. చాలామంది ఆడవాళ్ళకు అది లాగే బలం ఉండదని అతని అనుమానం. ఓపల్ వెనకనుంచి, పైదాన్ని లాగకు, దాన్ని కదలకుండా పట్టుకుని కింద పిడిని ముందుకి తొయ్యమంది. నాడీన్ తోసింది. టక్కుమని తెరుచుకుంది. చర్చి వంటగదిలో ఏళ్ళ తరబడి పిండి పిసికిన చేతులవి.

తర్వాత గార్లండ్ కొన్ని ప్రశ్నలు అడిగాడు. కొత్తగా ఇంటికోసం కొనేవాళ్ళను అతను అందరినీ అడుగుతాడు. తాళమేసే పెట్టె ఎక్కడ పెడతారు, ఇంటికి చిన్నపిల్లలు వస్తారా, వేళ కాని వేళ చెప్పకుండా వచ్చే బంధువులు ఎవరైనా ఉన్నారా.

"ఇదిగో, ఈవిడ," అన్నాడు లోయెల్ అక్కను చూపించి.

ఓపల్ నవ్వింది. నాడీన్ నవ్వలేకపోయింది.

పిస్తోలు గొట్టం కింద బిగించే చిన్న దీపం కూడా చూపించాడు గార్లండ్. చీకట్లో ఎవరిని కాలుస్తున్నామో ముందు తెలియాలి, ఏటా ఎక్కడో ఒక తండ్రి పిల్లాణ్ణి దొంగ అనుకుంటూనే ఉన్నాడు అన్నాడు.

"ముఖం కనిపించాక కాల్చలేకపోతే?" అని అడిగింది నాడీన్.

గార్లండ్ ఆమె వైపు నిదానంగా చూశాడు. ఆ రోజు అతను సూటిగా ఆమెనే చూడటం అదే మొదటిసారి.

"అప్పుడు కాల్చకండి మేడమ్."

"అలా నేర్పకు గార్లండ్," అన్నాడు లోయెల్. అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కాల్చకపోతే ఏమవుతుందో కూడా చెప్పు."

ఇక్కడ నాకొక సందేహం. ఇంటిని దేవుడికి అప్పగించి పడుకునే మనిషి తలుపుకి గడియ వేస్తే తప్పు కాదు. గడియ తప్పు కానప్పుడు పిస్తోలు ఎందుకు తప్పవుతుంది? లోయెల్ వాదన ఇదే. నేను కాదనలేను. కానీ గడియ ఎవరి ముఖాన్నీ చూడదు. వచ్చినవాడు ఎవరైనా బయటే ఉంచుతుంది, అంతే. పిస్తోలు పట్టుకున్నవాడు ఆ పని మాత్రమే చేసి ఊరుకోగలడా? నాకు తెలియదు. లోయెల్‌కి తెలుసని మాత్రం ఆ రోజు అతనికి గట్టి నమ్మకం.

* * *

కాల్చే గదిలో చెవులకు కప్పులు, కళ్ళకు అద్దాలు పెట్టుకున్నారు. చప్పుడు గుండెల్లో కొడుతోంది. లోయెల్ గాజు గోడ వెనక గార్లండ్ పక్కన నిలబడ్డాడు.

చిన్న తూటాల పిస్తోలుతో, వలయాలు గీసిన కాగితంతో మొదలుపెట్టించింది ఓపల్. వేలు ట్రిగ్గర్ మీద ఎప్పుడు పెట్టాలో, ఊపిరి ఎప్పుడు ఆపాలో చెవి కప్పు ఎత్తి చెప్పింది. గొట్టం చివరి మొన మీద చూపు నిలుపు, కాగితం మసకగా కనిపించినా పర్వాలేదు అంది.

నాడీన్ కాల్చింది. మళ్ళీ కాల్చింది. కాగితం తీగ మీద వెనక్కి జారివస్తే, నడిమి నల్లచుక్క చుట్టూ గుప్పెడంత చోటులో చిల్లులు కనిపించాయి. ఓపల్ కనుబొమలు ఎగరేసింది. ఉక్కు పిస్తోలు ఇచ్చింది. దానితోనూ అంతే.

బుధవారం తర్వాత మొదటిసారి నాడీన్ ఆ స్నానాల గది అద్దాన్ని మరిచిపోయింది. మొన, ఊపిరి, వేలు. ఇంకేమీ లేదు. తనకు తెలియకుండానే నవ్వుతోంది. ఇందులో ఇంత హాయి ఉందా అనిపించి, అలా అనిపించినందుకు సిగ్గేసింది.

అంతలో లోయెల్ లోపలికి వచ్చాడు.

"వలయాలు మనింటికి రావు. మనిషి బొమ్మ పెట్టండి," అన్నాడు.

మనిషి బొమ్మ తీగ మీద వెళ్ళింది. బూడిదరంగు తల, భుజాలు, ఛాతీ. చుట్టూ తెల్ల కాగితం. ముఖం గీయలేదు. ముఖం లేకపోవడమే నాడీన్‌కి కష్టమైంది. ఖాళీగా ఉన్న ఆ బూడిదరంగులోకి ఒక ముఖం వచ్చి కూర్చుంది. కంగారుగా అర వెతుకుతున్న ముఖం, మాసిన గడ్డం, చర్చి ఆదివారపు బళ్ళో తను పాటలు నేర్పినప్పుడు పళ్ళూడిన నోటితో పాడిన ముఖం.

ఈ బొమ్మను కొట్టాలని ఆమెకు తెలుసు. కొడితే పిస్తోలు తనదవుతుంది, పెట్టెలో తాళంతో ఉంటుంది. కొట్టలేకపోతే లోయెల్ చేతికి వెళ్తుంది. కొట్టు, అది కాగితం, అని తనకు తాను చెప్పుకుంది. మొన ఎత్తింది. ఛాతీ మీద నిలిపింది. వేలు బిగుస్తుండగా చేతులు తమంతట తామే పక్కకి జరిగాయి.

తూటాలన్నీ బొమ్మ ఎడమ భుజం పక్కన, తెల్లచోట పడ్డాయి.

గాజు గోడ పక్కన ఒక పటం వేలాడుతుంది. కుడిచేతి వాటం వాళ్ళ తూటా కిందికి పోతే ఏ తప్పు, ఎడమకు పోతే ఏ తప్పు అని గీసిన గుండ్రటి పటం. మా వైపు పిల్లలకు కూడా అది కంఠతా వచ్చు. గార్లండ్ పటం చూడకుండానే చెప్పాడు. ఎడమకు పోతున్నాయంటే వేలు సరిగా అందడం లేదు, పిడి లావైంది అని. పిడి సన్నగా ఉన్న ఇంకో పిస్తోలు తెచ్చాడు.

దానితోనూ బొమ్మ భుజం పక్కనే పడ్డాయి.

అయితే ట్రిగ్గర్ బిగువుగా ఉందన్నాడు లోయెల్. మెత్తటి ట్రిగ్గర్ ఉన్న మూడోది తెచ్చారు. నాడీన్ చెంపల మీద చెమట. మళ్ళీ కాల్చింది. మళ్ళీ అక్కడే.

గాజు వెనక లోయెల్ తల అడ్డంగా ఊపడం ఆమెకు కనిపించింది. లోపలికి వచ్చి ఆమె చెవి కప్పు మెల్లగా ఎత్తాడు.

"పోనీలే. అందరి వల్లా కాదు. ఇందులో తప్పేం లేదు," అన్నాడు. ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు. "నేను చూసుకుంటాను. నువ్వు నిశ్చింతగా ఉండు."

ఇంకొక్కసారి చూస్తానంది నాడీన్. అతను అప్పటికే గార్లండ్‌తో కలిసి బల్ల వైపు వెళ్ళిపోతున్నాడు.

* * *

ఓపల్ బొమ్మ కాగితాన్ని తీగ నుంచి తీసి చేతిలో పట్టుకుంది. నాడీన్‌ను చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. కాల్చినవాళ్ళు బయటికి పోయేముందు చేతుల మీది సీసపు పొడి చన్నీళ్ళతో కడుక్కోవాలి. వేణ్ణీళ్ళు తగిలిస్తే చర్మం రంధ్రాలు తెరుచుకుంటాయని అక్కడివాళ్ళ నమ్మకం.

ఇద్దరూ పక్కపక్కన నిలబడి సబ్బు రాసుకున్నారు.

"నీకు అన్నీ సరిపోయాయి," అంది ఓపల్.

"ఏమిటి వదినా?"

"పిడి. ట్రిగ్గర్. అన్నీ. ఆ మగవాళ్ళకు పటం చదవడం వచ్చు గాని కాగితం చదవడం రాదు." తొట్టి అంచు మీద కాగితం పరిచింది. తడి వేలితో చిల్లుల చుట్టూ గీసింది. "చెయ్యి తప్పితే తుపాకీ మారినప్పుడల్లా తప్పు కూడా మారాలి. నువ్వు మూడు తుపాకులు మార్చావు. మూడూ ఇక్కడే. అరచేత్తో మూసేయొచ్చు. ఇంత దగ్గరగా నేనే కొట్టలేను."

నాడీన్ చేతులు నీళ్ళ కింద అలాగే ఉన్నాయి.

"నువ్వు గురి తప్పలేదు. గురి చూసే పక్కకి కొట్టావు," అంది ఓపల్. "వలయాల మీద నవ్వుతూ కొట్టిన మనిషివి. ఆ బొమ్మలో ఎవర్ని చూశావు?"

నాడీన్ సబ్బు అందుకుని, కడిగిన చేతులకే మళ్ళీ రాసుకుంది.

"చీకట్లో వీపే కనిపించిందని చెప్పావట."

నీళ్ళు పారుతున్నాయి. వెనక గదిలో ఎవరో వరసగా కాలుస్తున్నారు. ఒక్కో చప్పుడుకి తొట్టి రేకు సన్నగా వణికింది.

"నాకు తెలిసినవాడేనా?"

నాడీన్ కళ్ళెత్తి ఓపల్ ముఖంలోకి చూసింది. ఆ ఉదయం నుంచి చూడలేకపోయిన ముఖంలోకి. అంతే, ఓపల్‌కి ఇంకేమీ అడగాల్సిన అవసరం లేకపోయింది.

ఆమె కొళాయి కట్టేసింది. కాగితం తువ్వాలు తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకుంది, ఆ పనికి చాలా జాగ్రత్త కావాలన్నట్టు. బొమ్మను నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో దాచుకుంది.

"వదినా, నేను ఆయనతో చెప్పలేదు. చెప్పను కూడా. వాడు మాత్రం ఇంక మా ఇంటి వైపు..."

"ఊరుకో," అంది ఓపల్. కఠినంగా అనలేదు. ఊపిరి పీల్చుకోవడానికి కాస్త వ్యవధి అడిగినట్టు అంది.

* * *

బయట బళ్ళు నిలిపే చోట చల్లటి గాలి గులకరాళ్ళ మీద ఎండుటాకులను ఈడుస్తోంది. వాళ్ళ ట్రక్కు పక్కన లోయెల్ నిలబడి ఉన్నాడు. చేతిలో సంచి, సంచిలో పెట్టె ఆకారం తెలుస్తోంది. గార్లండ్ ప్రభుత్వం వాళ్ళకు ఫోన్ చేసి తన మీద ఆరా తీశాడనీ, నేరాల మరకలేని మనిషి కాబట్టి వెంటనే సరేనన్నారనీ చెప్పాడు. నాడీన్ వలయాల మీద కాల్చిన ఉక్కు పిస్తోలే తీసుకున్నాడు. తన చేతికి బాగా కుదిరిందట.

బుధవారం పోయిన ప్రాణం అతని ముఖంలోకి తిరిగి వచ్చింది. ఎన్నో రోజులుగా మోస్తున్న బరువు దించినవాడిలా ఉన్నాడు.

"అక్కా, నీకొక పని," అన్నాడు. "రైఫిలంటే నాకు తెలుసు. ఇది తెలియదు. నువ్వే నేర్పాలి. ఆ బొమ్మ నడుమ పడేలా."

ఓపల్ చెయ్యి కోటు మీద, లోపలి జేబు ఉన్న చోట ఉంది.

"నేర్పుతాను," అంది. "నేర్చుకునేదాకా అది నా బీరువాలో ఉండనీ. చేతగాని వస్తువు ఇంట్లో పెట్టుకోకు."

లోయెల్ నవ్వాడు. అక్క హాస్యమాడుతోందనుకున్నాడు. ఎదురుగా నిలబడితే జింక కూడా ఫోటో దిగి పోతుందని అతని గురి మీద ఆమె చిన్నప్పటి నుంచీ వేసే ఎకసెక్కం అతనికి తెలుసు. ఆమె నవ్వకపోవడంతో అతనూ ఆపాడు.

"బాగానే ఉంది. ఇది నీ బీరువాలో ఉంటే, వాడు ఈ రాత్రికే వస్తే ఏం చెయ్యమంటావు? పాటలు పాడమంటావా?"

"రాడు."

"నీకెలా తెలుసు?"

నాడీన్ ఓపల్ మోచెయ్యి పట్టుకుంది. ఓపల్ ఆ చేతిని విడిపించుకోలేదు, అలాగని ఆగనూ లేదు.

"వాడిప్పుడు మా ఇంట్లో పడుకుని ఉన్నాడు లోయెల్. బుధవారం నుంచీ అక్కడే ఉన్నాడు. మణికట్టు దగ్గర లోతుగా తెగింది. కంచె తీగ గీసుకుందన్నాడు. నేనే కడిగి కట్టు కట్టాను. తీగ గీరుకి గాజు పెంకు ఎలా వస్తుందని అడగలేదు. ఆ పెంకు నేనే తీశాను, ఈ వేళ్ళతో. తీసి చెత్తలో పడేశాను."

ఆమె గొంతు చర్చిలో నిలబడి ఎవరి జబ్బు కోసమో ప్రార్థించమని కోరే గొంతులా ఉంది.

లోయెల్‌కి వెంటనే అర్థం కాలేదు. అర్థమవుతున్న కొద్దీ అతని ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది. సంచి చేతి నుంచి ట్రక్కు ముందు రేకు మీదికి జారింది. అతను దాని మీద అరచెయ్యి వేసి అదిమిపట్టాడు, గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు.

పక్కన ఎవరో బండి ఎక్కుతూ, సంఘ పెద్దగారూ బాగున్నారా అని పలకరించి పోయారు. అతను తల ఊపాడు.

చర్చి మెట్ల మీద అన్న మాట ఊరంతా విన్నది. వాడెవడైనా సరే అన్నాడు. ఇప్పుడు వాడెవడో తెలిసింది.

ఓపల్ ఎదురుచూస్తోంది. తిడతాడని, కొడతాడని, షెరీఫ్‌కి ఫోన్ చేస్తాడని, దేనికైనా సిద్ధపడి నిలబడింది. కానీ లోయెల్ ఆమె వైపు చూడలేదు. ఆమె మోచేతిని పట్టుకుని ఉన్న చేతివైపు చూస్తున్నాడు, భార్య చేతివైపు. ఓపల్ ఆ మాట అనకముందే ఆ చెయ్యి ఆమెను ఆపబోయిందని అతనికి ఇప్పుడు తడుతోంది.

"నాడీన్," అన్నాడు. "నీకు తెలుసా?"